విందుకు పిలిచి వరుసలో నిలబెట్టకండి

డిసెంబరు వచ్చిందంటే మన యౌవనస్థులకు చేతినిండా పని. స్టార్ కట్టాలి, క్యారల్స్‌కు తిరగాలి, స్కిట్ ప్రాక్టీసు చేయాలి. చాలా సంఘాల్లో పేద కుటుంబాలకు క్రిస్మస్ విందు, బట్టల పంపిణీ కూడా వాళ్లే చూసుకుంటారు. మంచి పరిచర్యే. అయితే అది ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తుచేసుకోండి. మైకులో పేరు పిలుస్తారు. ఒక విధవరాలు స్టేజీ మీదికి వస్తుంది. చీర ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస నలుగురు పెద్దల చేతుల్లో. ఫోటో తీసేదాకా ఎవరూ వదలరు. సాయంత్రానికల్లా అది వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. ఆమె కొడుకు స్నేహితులు కూడా చూస్తారు.

తిరిగి మనల్ని పిలవలేని వారిని పిలవమని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో చెప్పాడు. ఆయన పిలవమన్నది పంపిణీకి కాదు, విందుకు. విందుకు వచ్చినవారు అతిథులు. కొరింథు సంఘంలో కలిగినవారు ముందే తినేసి లేనివారిని సిగ్గుపరిస్తే పౌలు గట్టిగా గద్దించాడు (1 కొరింథీ 11). అన్నం పెట్టి కూడా మనిషిని అవమానించవచ్చని ఆయనకు తెలుసు.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ దీనికి ఒక పాఠం ఉంది. 1876-78 నాటి మహా కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవారు అక్కడ పనిచేసి కూలి తీసుకున్నారు. ఆ కరవు కాలంలో ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అన్నం విశ్వాసానికి వెల కాకూడదని ఆయన ఉద్దేశం. సహాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇప్పుడు హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపురకు వద్దాం. ఒకవైపు లాల్ దర్వాజ, మరోవైపు శాలిబండ. ఇరుకు గల్లీలు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పక్కింట్లో ఏం వండారో తెలిసినట్టే, ఎవరు ఎవరి దగ్గర చేయి చాచారో కూడా తెలిసిపోతుంది. ఇలాంటి చోట యౌవనస్థులు విందు పెట్టాలంటే ఏం చేయాలి?

మొదట, జాబితా ఒక్కరే రాయకూడదు. అపొస్తలుల కార్యములు 6లో కొందరు విధవరాండ్రకు రోజువారీ ఆహారం అందలేదు. ఆ పని చూడటానికి ఏడుగురిని ఏర్పరచారు. మన యౌవనస్థులు కూడా ఇద్దరిద్దరుగా ఇంటింటికీ వెళ్లి మాట్లాడాలి. కొత్తగా అద్దెకు వచ్చినవారిని, మంచం పట్టినవారు ఉన్న ఇళ్లను మరవకూడదు. రాసిన జాబితా ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉండాలి.

తర్వాత, పెళ్లికి పిలిచినట్టు ఇంటికి వెళ్లి పిలవాలి. టోకెన్లు వద్దు. సంఘంలోని కుటుంబాలను కూడా అదే విందుకు పిలిచి, అదే బంతిలో కూర్చోబెడితే ఎవరు ఎందుకు వచ్చారో ఎవరికీ తెలియదు. తెలంగాణలో డిసెంబరు 26 కూడా సెలవే. కానీ రోజుకూలీకి సెలవంటే కూలి పోవడమే. అందుకే విందు సాయంత్రం పెట్టండి.

బగారా అన్నం, దాల్చా చేస్తే పాతబస్తీలో అందరికీ ఇష్టమే. ముస్లిం పొరుగువారిని పిలిస్తే మాంసం హలాల్ దుకాణంలో కొని, ఆ మాట ముందే వాళ్లకు చెప్పండి. మాంసం తిననివారికి వేరే గిన్నెలో వండండి. యౌవనస్థులే వడ్డించాలి, చివరి బంతిలో తినాలి.

పిల్లల బట్టలు స్టేజీ మీద ఇవ్వకండి. ముందురోజే తల్లికి అందించండి. బిడ్డకు కొత్త బట్టలు తొడిగే సంతోషం ఆమెది, మనం తీసుకోకూడదు.

క్రిస్మస్ సందేశం చిన్నదిగా, సంతోషంగా చెప్పండి. అన్నం ముందు పెట్టి ఎవరి చేతా నిర్ణయాలు చేయించకండి.

"ఫోటోలు లేకపోతే కానుకలిచ్చినవారికి ఏం చూపిస్తాం?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానుకల విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా పౌలు కూడా జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8). లెక్క చూపించండి. ఎంత వచ్చింది, బియ్యానికెంత, బట్టలకెంత అని రాసి ఆదివారం సంఘంలో చదవండి. ఫోటో కావాలంటే వంట గిన్నెలది, గరిటె పట్టిన మన పిల్లలది తీయండి. అతిథుల ముఖాలు వద్దు.

విందు బాగా జరిగిందో లేదో ఆ రాత్రి తెలియదు. జనవరిలో ఏదో ఒక రోజు ఆ గల్లీలో ఆ తల్లి మీకు ఎదురవుతుంది. తల దించుకుని పక్కకు తప్పుకుంటే మనం ఎక్కడో పొరపాటు చేశాం. "ఏం బాబూ, బాగున్నావా? ఇంట్లోకి రా, చాయ్ తాగి పో" అని పిలిస్తే, వెళ్లి తాగండి. ఈసారి అతిథి మీరే.