పక్క తడిస్తే మాత్ర వేయాలా?
చవకైన పాత మందు, ఖరీదైన హార్మోను. రెండింటి ఫలితం ఇంచుమించు ఒకటే, ప్రమాదాలు మాత్రం వేరు

పదేళ్ల పిల్లాడు ఇంకా పక్క తడుపుతున్నాడంటే ఏ ఇంట్లోనైనా గుట్టే. బంధువుల ఇంట్లో పడక ఉండదు, స్కూలు విహారయాత్ర ఉండదు. కానీ అయిదేళ్ల పిల్లల్లో దాదాపు 15 శాతం మందికి ఈ సమస్య ఉంటుంది. ఏటా వారిలో సుమారు 15 శాతం మందికి మందూమాకూ లేకుండానే పోతుంది. తల్లిదండ్రులిద్దరూ చిన్నప్పుడు పక్క తడిపినవారైతే బిడ్డకూ వచ్చే అవకాశం 77 శాతం. తిట్లు, దెబ్బలు పనిచేయకపోవడానికి కారణం అదే.

మందుల విషయానికొస్తే పోటీ ప్రధానంగా రెండింటి మధ్యే. మానసిక కుంగుబాటుకు తయారైన ఇమిప్రమిన్ పక్క తడపడాన్ని తగ్గిస్తుందని 1960లో వెల్లడైంది. ధర తక్కువ. అయితే మోతాదు మించితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. అన్నయ్య మాత్రలు మిఠాయి అనుకుని చిన్న తమ్ముడు మింగినా అంతే. అందుకే వైద్యులు దాన్ని ఇప్పుడు చివరి అస్త్రంగానే చూస్తున్నారు.

రెండోది డెస్మోప్రెసిన్. రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే సహజ హార్మోనుకు ఇది నకలు. పాతదాని కంటే ఖరీదు చాలా ఎక్కువ. దీన్ని వేసుకునే గంట ముందు నుంచి వేసుకున్నాక ఎనిమిది గంటల దాకా నీళ్లు బాగా తగ్గించాలి. లేకుంటే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. అలాంటి కేసుల కారణంగానే 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ సమస్యకు ముక్కులో కొట్టే స్ప్రే వాడొద్దంది. మాత్రలకు ఆ నిషేధం లేదు.

ఫలితం? రెండింటితోనూ వారంలో తడిసే రాత్రులు సగటున ఒకటి దాకా తగ్గుతాయి. ఆపేస్తే చాలామందిలో సమస్య మళ్లీ మొదటికొస్తుంది. ఆక్సీబ్యుటినిన్ ఒక్కటే వాడితే పెద్దగా ఉపయోగం లేదు. పగలు కూడా మూత్రం ఆపుకోలేని పిల్లలకే దాని అవసరం.

మాత్ర కాని మందు ఒకటుంది. తడి తగలగానే మోగే అలారం. రెండు మూడు నెలలు ఓపికపడితే మూడింట రెండొంతుల మంది బాగుపడతారు. ఆపాక కూడా దాదాపు సగం మందికి పక్క పొడిగానే ఉంటుంది. చిక్కల్లా రాత్రిపూట లేచి పిల్లాణ్ని నిద్ర లేపాల్సిన తల్లిదండ్రులదే. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే చోట అది చిన్న పని కాదు. రేపటి పెళ్లి ప్రయాణానికో, హాస్టల్లో నాలుగు రోజులకో అయితే డెస్మోప్రెసినే అక్కరకొస్తుంది.

ఏది ఎంచుకోవాలన్నా ముందు పరీక్ష తప్పనిసరి. మలబద్ధకం, మూత్రనాళ ఇన్ఫెక్షన్, మధుమేహం కూడా పక్క తడిపిస్తాయి. పుదుచ్చేరిలో ఇందుకు పెద్ద దిక్కు 1823 నాటి ఫ్రెంచి వైద్య పాఠశాలకు వారసురాలైన జిప్‌మర్. అక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని యానాం తెలుగువారికి 2024లో ఆ సంస్థ యూనిట్ ఊళ్లోనే తెరుచుకుంది. ఇక దాటాల్సింది మొహమాటాన్నే. అది దాటకుండా షాపులో అడిగి తెచ్చుకునే మాత్రే అన్నిటికన్నా ప్రమాదకరం.