కూలిన చెట్టు కొమ్మలు

ఉద్దానం అంటే తోటల సీమ. కొబ్బరి, జీడి, పనస, మామిడి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి పల్లెల్లో తోటలకు తోటలే నేలకూలాయి. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు అవి. ఆ దుఃఖంలో కొమ్మల సంగతి ఎవరికి పడుతుంది? కాని అవి అలాగే వదిలేస్తే నిలిచిన చెట్లకూ ముప్పే.

ఎలాగంటే, పడిన కొబ్బరి మాను వానకు నాని కుళ్లుతుంది. కొమ్ముపురుగు అందులో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు ఆ కుళ్లు తిని పెరుగుతాయి. రెక్కలొచ్చాక ఎగిరి, బతికున్న చెట్టు మొవ్వులో దూరతాయి. లేత ఆకును కొరికేస్తాయి. తర్వాత విచ్చుకున్న కమ్మ కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. మొవ్వు చస్తే చెట్టే చస్తుంది. అందుకని ముందు మాను ముక్కలు కోయించి తోట దాటించాలి.

కమ్మలు పాక కప్పుకీ దడికీ పనికొస్తాయి. ఈనెలతో చీపుర్లు కట్టొచ్చు. జీడి కొమ్మలు మంచి వంటచెరకు. బాగా ఎండాకే పొయ్యిలో పెట్టాలి. పచ్చివి పెడితే పొగే పొగ, కళ్లు మండుతాయి.

మిగిలిన ఆకూ రెమ్మా తోటలో తగలబెట్టకూడదు. ఆ సెగకి పక్క చెట్టు మాడుతుంది. గోతిలో వేసి, పేడనీళ్లు చల్లి, మన్ను కప్పితే ఎరువవుతుంది. ఎరువంటే కొనే బస్తాయే కాదు కదా! అయితే ఆ గోతిలోనూ కొమ్ముపురుగు పెరగొచ్చు. తిరగేసినప్పుడు తెల్లటి లావుపాటి పురుగులు కనబడితే ఏరి చంపాలి.

కొమ్మల కుప్పలో పాములు, తేళ్లు చేరతాయి. చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి.