అట్ట మీది పేరు... పుట్టపర్తి దాకా!

అనంతపురం కరవు సీమలో, చిత్రావతి ఒడ్డున ఉన్న పుట్టపర్తి. 1991 నవంబరు 22న అక్కడ సూపర్‌ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలైంది. గుండె ఆపరేషనైనా పైసా తీసుకోరక్కడ. దాని నిర్మాణానికి భారీగా విరాళమిచ్చిన సత్యసాయి భక్తుల్లో ఐజాక్‌ టిగ్రెట్‌ అనే అమెరికన్‌ ఒకరు. 1971లో లండన్‌లో ‘హార్డ్‌రాక్‌ కెఫే’ పెట్టిన ఇద్దరు మిత్రుల్లో ఆయనొకరు. మరి ఆ కెఫేకి ఆ పేరెక్కడిది? ఓ పాటల రికార్డు అట్ట మీది నుంచి తీసుకున్నారంటారు!

ఆ రికార్డు పేరు ‘మారిసన్‌ హోటల్‌’. ‘ద డోర్స్‌’ అనే నలుగురు కుర్రాళ్ల బృందం 1970 ఫిబ్రవరిలో తెచ్చిన అయిదో ఆల్బమ్‌. లాస్‌ఏంజెలిస్‌లో నిజంగానే ఆ పేరుతో ఓ చవక హోటలుండేది. రెండున్నర డాలర్లకే గది. ఫొటో తీసుకోవడానికి అక్కడివాళ్లు ఒప్పుకోలేదు. గుమాస్తా లిఫ్టెక్కి పైకి వెళ్లాడో లేదో, నలుగురూ లోపలికి దూరి అద్దాల కిటికీ వెనక నిలబడ్డారు. హెన్రీ డిల్ట్జ్‌ బయటి నుంచి క్లిక్‌మనిపించాడు. తర్వాత గొంతు తడుపుకోవడానికి వెళ్లిన పాత బారు పేరే హార్డ్‌రాక్‌ కెఫే. దాని బొమ్మ వెనక అట్టకెక్కింది. రికార్డు మొదటి వైపుకీ అదే పేరు.

సరదా కథే కానీ అప్పటికి వాళ్ల పరిస్థితి సరదాగా లేదు. 1969 మార్చిలో మయామీ కచేరీలో అసభ్యంగా ప్రవర్తించాడని గాయకుడు జిమ్‌ మారిసన్‌ మీద కేసు. కచేరీలు వరసగా రద్దు. బాకాలూ వయొలిన్లూ దట్టించిన ముందటి ఆల్బమ్‌ చాలామందికి రుచించలేదు. అందుకే ఈసారి ఆర్భాటాలన్నీ పక్కనపెట్టి గిటారు, డ్రమ్ములు, పియానో, బ్లూస్‌ బాణీలతో కూర్చున్నారు.

తొలిపాట ‘రోడ్‌హౌస్‌ బ్లూస్‌’ వింటే చాలు, తేడా తెలిసిపోతుంది. గిటారు ఎత్తుగడకే కాలు తాళం వేస్తుంది. అందులో మౌతార్గాన్‌ వాయించింది జాన్‌ సెబాస్టియన్‌... అట్ట మీద మాత్రం మారుపేరు! ‘పీస్‌ ఫ్రాగ్‌’ ఉరుకులు పరుగులు పెట్టి, ఊపిరి తీసుకునేలోపే ‘బ్లూ సండే’ అనే జోలపాటలాంటి పాటలోకి జారిపోతుంది. ఈ రెంటినీ విడదీసి వింటే సగం అందం పోయినట్టే.

అన్నట్టు ‘ఇండియన్‌ సమ్మర్‌’ అంటే మన రోహిణీ కార్తె ఎండలు కావు. అమెరికాలో చలికాలానికి ముందొచ్చే నులివెచ్చని రోజులు. అయితే సితార్‌ నేర్చుకున్న రాబీ క్రీగర్‌ ఆ పాటలో గిటారు తీగలు మీటుతుంటే వెనకాల తంబూరా శ్రుతి పెట్టినట్టే ఉంటుంది. మారిసన్‌ గొంతు దాదాపు గుసగుస. రాక్‌ అంటే చెవులు మూసుకునే పెద్దవాళ్లు ఇక్కణ్నుంచే మొదలెట్టొచ్చు.

1971 జూన్‌ 14న లండన్‌లో కెఫే తెరిచారు. ఇరవై రోజులైనా తిరక్కుండానే, జులై 3న, పారిస్‌లో మారిసన్‌ చనిపోయాడు. వయసు 27. కెఫే మాత్రం దేశదేశాలకు పాకింది. ‘అందరినీ ప్రేమించు, అందరినీ సేవించు’ అన్న సత్యసాయి మాటను టిగ్రెట్‌ దాని నినాదం చేశారు. గిటార్లు వేలాడే ఆ గోడల మీద ఇంగ్లిషులో అదే రాసి ఉంటుంది.