మీకు తెలుసా? ఫూలేకు అచ్చుయంత్రం ఇచ్చిన ముంబై తెలుగువాళ్ళు

రాళ్ళు మోసి ముంబై కట్టడాలు లేపిన తెలుగు కామాఠీల పేరే అక్కడి కామాఠీపురా పేటకు నిలిచింది. ఆ నగరంలోని రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలాజీ కాళేవార్ వంటి తెలుగువాళ్ళు సంఘ సంస్కర్త జోతిరావు ఫూలేకు ఆప్తులు. 1873లో ఆయన పుణేలో స్థాపించిన సత్యశోధక సమాజానికి అచ్చుయంత్రం కొనిచ్చింది వీళ్ళే!

ఎంత మంచి చేతికిచ్చారో చూడండి. ఫూలే రచయిత థామస్ పెయిన్‌ను చదివారు, కాంట్రాక్టు పనులు చేశారు, 1855లో నాటకం, 1869లో శివాజీపై పవాడా (వీరగాథా గేయం) రాశారు. తన పుస్తకం ‘గులాంగిరీ’ని బానిసత్వం రద్దుచేసిన అమెరికన్లకు అంకితమిచ్చారు. నాకు మరీ ఇష్టమైనది 1883 నాటి ‘శేత్కర్యాచా ఆసూడ్’ (రైతు కొరడా). అందులో చరిత్ర, పన్నుల చర్చ పక్కనే, వానకు కొట్టుకొచ్చే ఆకుల ఎరువు పొలంలోనే ఇంకేలా గట్లు వేయాలని, గొర్రెల జాతిని మెరుగుపరచాలని రాశారు.