వార్తల్లో పదం: మెడికల్ ఎవాక్యుయేషన్

విదేశంలో తీవ్రంగా జబ్బుపడినవారిని, గాయపడినవారిని వైద్య పర్యవేక్షణలో తగిన ఆసుపత్రికి లేదా స్వదేశానికి తరలించడమే మెడికల్ ఎవాక్యుయేషన్. జహీరాబాద్ లోక్‌సభ స్థానంలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుంచి ఎందరో పనికి గల్ఫ్‌ వెళుతుంటారు; వారికీ ఈ అవసరం రావచ్చు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టుపై వెళ్లే కార్మికులకు 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం రూ.275. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా రూ.10 లక్షలు వస్తాయి. అనారోగ్యంతో ఉద్యోగం పోతే, షరతులకు లోబడి, ఒకవైపు ఎకానమీ టికెట్టు ఖర్చు ఇస్తారు. స్ట్రెచర్‌పై రావాలంటే మాత్రం విమానంలో పలు సీట్లు, వెంట వైద్య సిబ్బంది కావాలి. ఆ ఖర్చుకు టికెట్టు డబ్బు చాలదు. అదనపు పాలసీ తీసుకునేటప్పుడు తరలింపు పరిమితి, పాత జబ్బుల నిబంధన చూసుకోండి. పాలసీ కాపీ ఇంట్లో ఇచ్చి వెళ్లండి.