అన్యాయముగ తొలగింపబడినవాని పునర్నియామకము

నేరము రుజువు కాకుండగనో, చిన్న తప్పునకు తగని పెద్ద దండనగానో కార్మికుని కొలువునుండి తొలగించినపుడు, న్యాయస్థానము వానికి ఇయ్యదగిన ఉపశమనములు రెండు: పరిహారముగ కొంత సొమ్ము ముట్టజెప్పించుట, లేదా ఆ తొలగింపునే రద్దుచేసి, సర్వీసు తెగకుండ, వానిని పూర్వస్థానమునందే మరల నిలుపుట. ఈ రెండవదే కార్మికునకు నిజమైన న్యాయమని నా నిశ్చితాభిప్రాయము. ఏలయన సొమ్ముతో సరిపుచ్చుకొను వెసులుబాటున్నచో, యూనియను పెట్టినవానిని వెల చెల్లించి వదిలించుకొనుట కలిగిన యజమానికి భారము కానేరదు.

సామాన్య న్యాయశాస్త్రము ఈ పునర్నియామకమునకు చిరకాలము సమ్మతింపలేదు. ఇష్టములేని సేవకుని యజమానిపై రుద్దరాదనియు, సేవా ఒప్పందము భంగమైనచో పరిహారమే గతియనియు దాని సిద్ధాంతము. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము వచ్చిన పిదప, వెస్టరన్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వివాదములో యజమాన పక్షము ఈ వాదమునే వినిపింపగా, 1949లో ఫెడరల్ కోర్టు దానిని త్రోసిపుచ్చి, ట్రిబ్యునలు పని పాత ఒప్పందమును అమలుజరుపుట మాత్రమే కాదనియు, పారిశ్రామిక శాంతికి అవసరమైనచో క్రొత్త బాధ్యతలను సైతము కల్పింపగలదనియు తీర్పు చెప్పినది.

మనము నివసించు ఈ అమెరికాలో కారణము చెప్పకయే ఉద్యోగిని తొలగించు స్వేచ్ఛ యజమానికి సాధారణముగ కలదు. ఇచటను 1935 నాటి వాగ్నర్ చట్టము, యూనియనులో చేరినందులకు తొలగింపబడినవారిని జీతపు బకాయిలతో తిరిగి తీసికొనునట్లు చేసినది. పెన్సిల్వేనియాలోని అలిక్విప్పా ఉక్కు కర్మాగారమునుండి తొలగింపబడిన పదిమందిని తిరిగి తీసికొనవలెనన్న ఆజ్ఞను 1937లో సుప్రీంకోర్టు సమర్థించినది.

భారతదేశమున ఈ హక్కునకు ప్రాణము పోసినది 1947 నాటి ఆ చట్టమునకు 1971లో చేర్చబడిన 11-ఏ సెక్షను. అంతకుముందు, యజమాని విచారణ సక్రమముగ జరిపినచో, శిక్ష ఎంత కఠినమైనదైనను దాని జోలికి పోవుటకు కోర్టునకు గల అధికారము బహు స్వల్పము. ఆర్టీసీ కండక్టరొకడు నగదు లెక్కలో కొద్దిపాటి తేడా వచ్చినందుకు పదునైదేండ్ల ఉద్యోగము పోగొట్టుకొన్నాడనుకొందము. ఛార్జిషీటు ఇచ్చినారు, ఎంక్వయిరీ జరిపినారు, చెకింగు అధికారి సాక్ష్యము చెప్పినాడు. కాగితములన్నియు సక్రమముగనే యున్నవి. ఈ సెక్షను వచ్చినది మొదలు లేబరు కోర్టు ఆ సాక్ష్యమును తానే పరిశీలింపవచ్చును. తప్పు నిజమేయైనను డిస్మిస్ చేయదగినంతటిది కాదని తోచినచో, రెండు ఇంక్రిమెంట్లు నిలిపి, వానిని మరల డ్యూటీలోనికి తీసికొమ్మని ఆదేశింపవచ్చును. సొమ్ము కాజేసినట్లు తేలినవారియెడ మాత్రము పైకోర్టులు దయ చూపలేదు; అది సబబే.

ఈ విషయమున మన రాష్ట్రము గర్వింపదగిన విశేషమొకటి కలదు. పూర్వము వివాదము లేబరు కోర్టునకు చేరవలెనన్న ప్రభుత్వము రెఫరు చేయవలసియుండెడిది. ఫైలు కదలనంతకాలము కార్మికునకు దిక్కులేదు. 1987లో ఆంధ్రప్రదేశ్ అదే చట్టపు 2-ఏ సెక్షనును సవరించి, తొలగింపబడినవాడు నేరుగ లేబరు కోర్టు గడప త్రొక్కు హక్కునిచ్చినది. కేంద్రము అట్టి సవరణను 2010లో గాని తేలేదు.

అయినను తీర్పు వచ్చినంతమాత్రమున ఫ్యాక్టరీ గేటు తెరువబడదు. యజమాని హైకోర్టుకు, అటుపై సుప్రీంకోర్టుకు పోవును. ఈలోగ ఇంట పొయ్యి వెలుగుటెట్లు? 1984లో అమలునకు వచ్చిన 17-బి సెక్షను ఈ ఆకలిని గుర్తించినది: కార్మికుడు వేరెచటను పనిచేయుటలేదని ప్రమాణపత్రము దాఖలు చేసినచో, ఆ వ్యాజ్యము తేలువరకు చివరిసారి తీసికొన్న జీతమును పూర్తిగ చెల్లించుచుండవలెను. ఇంతకంటె దయగల నిబంధన ఆ చట్టములో మరియొకటి నాకు కనబడదు.

బకాయి వేతనముల విషయమున న్యాయస్థానముల చూపు పలుమార్లు మారినది. 1978లో హిందూస్థాన్ టిన్ వర్క్స్ కేసున, తొలగింపు చెల్లనిదైనపుడు పూర్తి బకాయిలిచ్చుటే సాధారణ నియమమని పలికి, సంస్థ స్థితినిబట్టి నూటికి 75 వంతులు ఇప్పించిరి. తరువాతి కాలమున, ముఖ్యముగ దినవేతనముపై పనిచేయువారికి, కొలువునకు బదులు కొంత మొత్తము చేతబెట్టి పంపుట పరిపాటియైనది. నిరుపేదలకే ఈ హక్కు పలుచబడుట నాకు మిక్కిలి బాధాకరము. 2013లో దీపాలీ సుర్వాసే అను ఉపాధ్యాయిని కేసున సుప్రీంకోర్టు పాత నియమమును మరల నొక్కి చెప్పినది.

2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతియందును మరల కొలువిప్పించు అధికారము నిలిచియున్నది గాని, తొలగింపుపై నేరుగ ఫిర్యాదు చేసికొను గడువు మూడేండ్లనుండి రెండేండ్లకు కుదింపబడినది. కావున స్వదేశమున మీ బంధువులెవరికైన ఇట్టి ఆపద వాటిల్లినచో, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితముపై తొందరపడి సంతకము చేయవలదనియు, తొలగింపు ఉత్తరువును, జీతపు చీటీలను భద్రపరచుకొని ఆలస్యము చేయక న్యాయవాదిని కలియుమనియు నేడే చెప్పుడు.