చికిత్సకు నోచుకొనని విషాదము

రోగములను పెంపొందించు వానిలో విషాదము అగ్రగణ్యమని చరకసంహిత సూత్రస్థానమున చెప్పబడినది. దేహమునకు వచ్చిన వ్యాధి మనస్సును క్రుంగదీయుట అందఱు ఎఱిగినదే. మనస్సు క్రుంగినచో దేహము కూడ క్షీణించునని మన పూర్వులు గుర్తించుట విశేషము. నేటి వైద్యులు డిప్రెషన్ అని వ్యవహరించు వ్యాధిని మనము కుంగుబాటు అనుచున్నాము. దాని వలన కలుగు బాధ కొంత. దానిని వ్యాధియని గ్రహింపక విడిచిపెట్టుట వలన కలుగు నష్టము అంతకంటె అధికము.

దుఃఖమంతయు వ్యాధి కాదు. ఆప్తులు గతించినపుడు విలపించుట, పరీక్ష తప్పినపుడు నాలుగు దినములు ముఖము వ్రేలవేసికొని తిరుగుట మానవ సహజము. కాని దిగులో, దేనియందును ఆసక్తి లేకపోవుటయో రెండు వారములైనను ఎడతెగక వెన్నంటి యుండి, నిద్ర చెడుట, ఆకలి మారుట, బడలిక, ఏకాగ్రత లేమి, ‘నేనెందుకును పనికిరాను’ అను తలంపు దానికి తోడైనచో, వైద్యుని సంప్రదింపవలసినదే. బాలబాలికలలో దిగులునకు మాఱుగా చిరాకు, కోపము, కారణము తెలియని తలనొప్పి, కడుపునొప్పి కనిపించుటయు కలదు.

నిన్నటి వరకు మొదటి బల్లపై కూర్చుండి చేయి యెత్తిన బాలుడు నేడు చివరి బల్లకు చేరినాడు. చేయుచున్న లెక్కను నడుమనే విడిచి కిటికీ వంక చూచును. మనము వానిని సోమరి యందుము. ఆ మాట ఇల్లు చేరును. తండ్రి దానికి మఱి రెండు చేర్చును. బాలుడు తన్ను గూర్చి తనలో అనుకొనుచున్న హీనపు మాటకు ఇరువురు పెద్దలు సాక్ష్యము పలికినట్లగును.

చికిత్స లేని కుంగుబాటు పలువురిలో ఆఱు మాసములు మొదలు సంవత్సరము వరకు, కొందఱిలో అంతకు మించియు నిలుచును. ఒక్కొక్కప్పుడు తనంతట తాను తొలగుటయు కలదు. అందుచేతనే ‘అదియే పోవును’ అను నమ్మకము మనలో నాటుకొన్నది. కాని ఒకమాఱు వచ్చి తగ్గిన వారిలో సుమారు సగము మందికి అది మరల వచ్చును. వచ్చిన కొలది మఱల వచ్చుట సులభమగును. ఈలోపల విద్యార్థికి ఒక చదువు సంవత్సరము పోవును, స్నేహితులు దూరమగుదురు. పెద్దలలో కొందఱు మద్యమును ఆశ్రయింతురు. మధుమేహము, హృద్రోగము కలవారు మందులను, పథ్యమును ఉపేక్షింతురు. బాలింతకు వచ్చినచో పసిబిడ్డ పోషణయు దెబ్బతినును.

అన్నిటికంటె ఘోరమైనది ప్రాణహాని. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ననుసరించి 2021లో 7,27,000 మంది ఆత్మహత్య చేసికొనిరి. వారందఱి మరణమునకు కుంగుబాటే హేతువని చెప్పరాదు. ముఖ్య హేతువులలో అది యొకటి. ‘బ్రదుకవలెనని యున్నదా?’ అని అడిగినచో లేని ఆలోచన పుట్టునని పలువురు భయపడుదురు. ఆ భయము నిరాధారము. మెల్లగా అడిగినచో బరువు దింపుకొనుటకు దారి దొరకును.

మన దేశమున 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము, కుంగుబాటుతో బాధపడువారిలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందలేదు. వైద్యుల కొఱత ఒక కారణము. లోకుల నోరు మఱియొకటి. హైదరాబాదున ఎఱ్ఱగడ్డ పేరు చెప్పి పరిహసించుట పరిపాటి. ఆ పరిహాసము విన్నవాడు తన బాధను ఎవరితో చెప్పుకొనును?

చికిత్స లేకపోలేదు. కుంగుబాటును తగ్గించు ఔషధమును గూర్చి స్విట్జర్లాండు వైద్యుడు రోలండ్ కూన్ 1957లో ప్రకటించెను. తలంపుల తీరును సరిదిద్దు సంభాషణ చికిత్సను అమెరికాలో ఆరన్ బెక్ 1960ల నుండి రూపొందించెను. నేడు ఈ రెండు మార్గములును విరివిగా వాడుకలో నున్నవి. మందు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును; వైద్యుని అడుగక మానరాదు. థైరాయిడ్ లోపము, రక్తహీనత వంటివి ఇట్టి లక్షణములనే చూపవచ్చును గనుక పరీక్ష అవసరము. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

భగవద్గీత మొదటి అధ్యాయము పేరు అర్జున విషాదయోగము. అర్జునునిది వ్యాధి యని చెప్పుట నా యుద్దేశము కాదు. గాండీవము జారవిడిచిన వానిని కృష్ణుడు మొదట మందలించెను. ఆ మందలింపు ఫలింపలేదు. అటుపిమ్మట రథమును రణభూమి నడుమనే నిలిపి, అడిగిన ప్రతి ప్రశ్నకును ఓపికతో బదులు చెప్పవలసి వచ్చెను. ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కఱలేదు. మారిన పిల్లవానిని గుర్తించి, పదిమందిలో గాక విడిగా పిలిచి, వాని మాట చివరివరకు విని, తల్లిదండ్రులకు నచ్చజెప్పి వైద్యుని యొద్దకు పంపినచో చాలును. విద్యార్థులును తమ ప్రక్కవాని మౌనమును పెద్దలకు తెలుపుట చాడీ యని తలపరాదు.